చూసేవాడికి చిక్కని గస్తీ

1999 డిసెంబరు 14 సాయంత్రం కెనడాలోని విక్టోరియా నుంచి వచ్చిన ఫెర్రీ అమెరికాలోని పోర్ట్ ఏంజెలెస్ రేవులో ఆగింది. కార్లన్నీ దిగిపోయాక చివరగా ఒక కారు వచ్చింది. నడుపుతున్న మనిషి తడబాటు చూసి ఒక కస్టమ్స్ అధికారిణికి అనుమానం కలిగింది. డిక్కీ తెరిచి స్టెప్నీ పెట్టే గుంట మూత ఎత్తి చూస్తే పేలుడు పదార్థాలు బయటపడ్డాయి. పారిపోబోయి పట్టుబడిన ఆ మనిషి పేరు అహ్మద్ రెస్సామ్. అతని గురి లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం.

2001లో న్యూయార్క్ కోర్టులో సాక్ష్యమిస్తూ అతను తన పథకాన్ని తానే విడమరిచి చెప్పాడు. ముందు మామూలు ప్రయాణికుడిలా విమానాశ్రయానికి వెళ్లాలి. ట్రాలీ మీద సామాను పెట్టి ఎవరికీ అనుమానం రాని చోట వదిలెయ్యాలి. దాన్ని భద్రతా సిబ్బంది ఎంతసేపటికి పట్టించుకుంటారో దూరంగా ఉండి చూడాలి. బాంబు సంగతి ఆ తర్వాతే.

మన పత్రికల్లో రోజూ కనిపించే రెక్కీ అన్న మాటకు అర్థం ఇదే. ముంబయిలో 26/11 ఉగ్రదాడులకు ముందు డేవిడ్ హెడ్లీ చేసిందీ ఇదే. 2006 సెప్టెంబరు నుంచి 2008 జులై వరకు అయిదుసార్లు వచ్చి, తాజ్ హోటల్ సహా పలు చోట్లను వీడియో తీసుకుని వెళ్లాడు. తుపానుకు మనం ఇసుక బస్తాలు ఎక్కడ వేశామో తెలియదు. వేసిన చోటు వదిలి వెయ్యని చోటు వెతుక్కుంటూ అది రాదు. ఉగ్రవాది మాత్రం చూసి, తెలుసుకుని, వెలితి ఉన్న చోటికే వస్తాడు. రేపటి దాడి ఎక్కడ జరగవచ్చు, ఉన్న కొద్దిమంది పోలీసులను ఎక్కడ నిలబెట్టాలి అన్న ప్రశ్న వరద అంచనా, భూకంప అంచనాల కంటే కష్టమైంది ఈ ఒక్క కారణం వల్లే. దానికి పనికొచ్చే జవాబు దొరకడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ జవాబులో ఒక తెలుగువాడి చెయ్యి కూడా ఉంది.

ప్రమాదాన్ని అంకెల్లో కొలిచే పద్ధతికి పేరు తెచ్చింది అణు విద్యుత్ కేంద్రాలు. 1975లో అమెరికాలో నార్మన్ రాస్ముసెన్ బృందం ఒక నివేదిక ఇచ్చింది. ఏ పంపు పాడైతే ఏమవుతుంది, ఆ తర్వాత ఏ వాల్వు మొరాయిస్తే ఏమవుతుంది అంటూ ప్రమాదం నడిచే దారులన్నీ గీసి, ఒక్కో దారికి సంభావ్యత కట్టింది. 1981లో స్టాన్లీ కప్లాన్, జాన్ గారిక్ ఈ విద్యను మూడు ప్రశ్నల్లోకి దించారు. ఏం జరగొచ్చు? ఎంతవరకు జరిగే వీలుంది? జరిగితే ఎంత నష్టం? నేటికీ చాలా భద్రతా ప్రణాళికలకు ఈ మూడే పునాది. అయితే పంపుకు పగ ఉండదు. మనం ఒక వాల్వును బాగుచేశామని చూసి ఇంకో వాల్వు కావాలని పాడవదు. ఈ తేడా ఎంత పెద్దదో 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత గానీ ప్రభుత్వాలకు తెలిసిరాలేదు.

ఆ దాడుల తర్వాత అమెరికా మొదట రంగులను నమ్ముకుంది. 2002 మార్చిలో ఆకుపచ్చ, నీలం, పసుపు, నారింజ, ఎరుపు అంటూ అయిదు మెట్ల హెచ్చరిక పట్టిక వచ్చింది. 2011లో దాన్ని ఎత్తేసే దాకా దేశం మొత్తానికి ఆ సూచిక ఒక్కసారైనా పసుపు కంటే కిందికి దిగలేదు. ఎప్పుడూ మోగుతూనే ఉండే గంటను ఎవరు వింటారు? పైగా ముప్పు ఎక్కువగా ఉందన్న రంగు చూసి ఏ ఊరి పోలీసు ఏ వీధిలో నిలబడాలి? ఆ పట్టికలో దీనికి జవాబు లేదు.

తర్వాత వచ్చింది జాబితా. కాపాడుకోవలసిన చోట్లన్నీ రాసి పంపమని కేంద్రం రాష్ట్రాలను అడిగింది. ఏది కీలకమో, ఏది కాదో తేల్చే కొలత మాత్రం సరిగా ఇవ్వలేదు. 2006లో అంతర్గత భద్రతా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆ జాబితాను తెరిచి చూస్తే అందులో 77,069 చోట్లు ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ చోట్లు ఇండియానా రాష్ట్రానివి, 8,591. న్యూయార్క్ రాష్ట్రానికి 5,687, కాలిఫోర్నియాకు 3,212. ఇండియానాలో అయిదుగురు పనిచేసే ఒక పాప్‌కార్న్ కంపెనీ, అలబామాలో పిల్లలు జంతువులను నిమిరే జూ, టెనెసీలో కంచరగాడిదల ఊరేగింపు కూడా అందులోకి ఎక్కాయి. దేశమంతా నవ్వింది. నాకు మాత్రం ఇందులో నవ్వు కంటే బాధ ఎక్కువ. జాబితా రాసినవాళ్లు సోమరులు కారు. తమ ఊరి చిన్న కంపెనీ కూడా కాపాడదగ్గదేనని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అన్నీ ముఖ్యమే అన్న జాబితా చేతికిస్తే డ్యూటీ వేసే అధికారికి అది ఒక్క నిర్ణయంలోనూ సాయపడదు. ప్రాధాన్యం అంటే ఒకదాన్ని వెనక్కి నెట్టే ధైర్యం. ఆ ధైర్యం ఏ కాగితంలోనూ కనిపించలేదు.

ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికి ఒక సూత్రం చెలామణిలోకి వచ్చింది. ముప్పును బలహీనతతో హెచ్చించి, దాన్ని మళ్లీ నష్టంతో హెచ్చిస్తే వచ్చేదే రిస్కు అన్నారు. చూడ్డానికి చక్కగా ఉంది. 2008లో లూయిస్ ఆంథొనీ కాక్స్ అనే గణిత నిపుణుడు ఇందులోని లోపాన్ని పట్టుకున్నాడు. ముప్పు అనే ఆ మొదటి అంకె మన బలహీనతను బట్టే మారుతుంది. ఒక తలుపుకు తాళం వేస్తే పక్క తలుపుకు ముప్పు పెరుగుతుంది. మూడూ వేటికవే నిలిచే అంకెలన్నట్టు విడివిడిగా రాసి హెచ్చిస్తే వచ్చే వరుస తప్పుదారి పట్టించవచ్చు. అవతల ఆలోచించే మనిషి ఉన్నాడన్న సంగతికే ఆ సూత్రంలో చోటు లేకుండా పోయింది.

ఆలోచించే ప్రత్యర్థికి చోటిచ్చే గణితం అప్పటికే ఉంది. 1921లో ఫ్రాన్స్‌లో ఎమీల్ బోరెల్ ఒక ఆటను ఊహించాడు. ఇద్దరు సేనానులు తమ బలగాలను చాలా యుద్ధభూముల మీద పంచుకోవాలి, ఎదుటివాడు ఎలా పంచాడో తెలియదు. 1928లో జాన్ వాన్ నాయ్‌మన్ ఇలాంటి ఆటల్లో ఒక్కోసారి ఎత్తును పాచికకు వదిలెయ్యడమే తెలివైన పని అని నిరూపించాడు. 1934లో జర్మన్ ఆర్థికవేత్త హైన్రిక్ ఫాన్ స్టాకెల్‌బర్గ్ బజారులో రెండు కంపెనీల గురించి ఆలోచించాడు. ఎంత సరుకు చెయ్యాలో ముందు ఒక కంపెనీ తేల్చుకుంటుంది, దాన్ని చూసి రెండోది తన లెక్క వేసుకుంటుంది. ముందు కదిలేవాడు తన కదలిక చూసి ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించి కదలాలి. భద్రత గురించి స్టాకెల్‌బర్గ్ ఆలోచించలేదు. అయినా ముందు నిలబడే పోలీసు, చూసి వచ్చే ఉగ్రవాది సరిగ్గా ఈ ఆటలోనే ఉన్నారు.

మధ్యలో వచ్చిన ఒక పేరు ఇక్కడ చెప్పి తీరాలి. ఇజ్రాయెల్ గణితవేత్త మైకేల్ మాష్లర్. అది అణుపరీక్షల నిషేధం మీద చర్చలు జరుగుతున్న కాలం. భూమి అదిరితే అది భూకంపమా, రహస్య పరీక్షా అన్నది వెళ్లి చూస్తేగానీ తేలదు. ఏటా చెయ్యగలిగే తనిఖీలు కొన్నే. 1966లో ఆయన వింతగా తోచే ఒక మాట రుజువు చేశాడు. తనిఖీదారు తన పద్ధతిని దాచుకోకుండా ముందే ప్రకటించి, దానికి కట్టుబడితే లాభపడతాడు. ప్రకటించాల్సింది ఏ తనిఖీ ఎంత శాతం జరగవచ్చు అన్నది. ఏ రోజు అన్నది బయటపెట్టనక్కర్లేదు.

ఒకప్పుడు మన ఊళ్లలో రాత్రిపూట గూర్ఖా కర్ర చప్పుడు చేస్తూ గస్తీ తిరిగేవాడు. ఆ చప్పుడు ఇంట్లోవాళ్లకు ధైర్యం, దొంగకు మాత్రం గూర్ఖా ఏ సందులో ఉన్నాడో తెలిపే కబురు. అతను రోజూ ఒకే వరుసలో తిరిగితే దొంగకు ఇంకేమీ అక్కర్లేదు. ఏ రాత్రి ఏ సందు నుంచి వస్తాడో గూర్ఖాకే ముందు తెలియకపోతే, అతను ఉన్నాడన్న సంగతి ఊరంతటికీ తెలిసినా దొంగకు లాభం లేదు.

ఈ గణితం పుస్తకాల్లోంచి విమానాశ్రయం గేటు దాకా రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. అంతర్గత భద్రతా శాఖ నిధులతో 2004లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఉగ్రవాద ముప్పు విశ్లేషణకు ఒక కేంద్రం మొదలైంది. అప్పుడు అదే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ మిలింద్ తాంబే. బిట్స్ పిలానీలో చదివి, కార్నెగీ మెలన్‌లో పీహెచ్‌డీ చేసిన మనిషి. ఆయన శిష్యుడు పరుచూరి ప్రవీణ్ తన పరిశోధనకు ఎంచుకున్న అంశం, గస్తీ తిరిగే రోబో లాంటి యంత్రం తన తోవను ఎదుటివాడు పసిగట్టకుండా ఎలా కలగలిపి మార్చుకోవాలి అన్నది. పని ఆగకూడదు, తోవ దొరకకూడదు. ఈ రెంటికీ మధ్య సరైన పాళ్లు తేల్చడమే ఆయన థీసిస్. 2007లో అది పూర్తయ్యే నాటికి ఆ పాళ్లే లాస్ ఏంజెలెస్ విమానాశ్రయ పోలీసులకు అవసరమయ్యాయి.

అక్కడ లోపలికి వచ్చే రోడ్లూ, టెర్మినళ్లూ చాలానే ఉన్నాయి. అన్ని రోడ్ల మీదా ఎప్పుడూ చెక్‌పోస్టులు పెట్టలేరు, అన్ని టెర్మినళ్లలోనూ జాగిలాలను తిప్పలేరు. రెస్సామ్ గురిపెట్టిన చోటు అదే. 2002 జులై 4న ఒక సాయుధుడు ఎల్ అల్ విమాన సంస్థ కౌంటర్ దగ్గర కాల్పులు జరిపి ఇద్దరిని చంపిందీ అక్కడే. గస్తీ వేళలు మార్చి మార్చి వెయ్యాలని పోలీసులకు తెలుసు. కానీ మనిషి చేత్తో వేసే డ్యూటీ పట్టికలో అతనికే తెలియని వరుస దూరుతుంది. నిన్న ఇక్కడ వేశాం కదా, ఇవాళ అక్కడ వేద్దాం అనుకుంటాడు. ఆ అనుకోవడమే చూసేవాడికి ఆధారం.

లెక్క ఎలా పనిచేస్తుందో చిన్న ఉదాహరణలో చూద్దాం. ఒక పెద్ద టెర్మినల్, ఒక చిన్న టెర్మినల్ ఉన్నాయి. దాడి జరిగితే పెద్దదాంట్లో నష్టం 9, చిన్నదాంట్లో 3 అనుకుందాం. జాగిలాల బృందం ఒక్కటే, అది ఉన్నచోట దాడి సాగదు. బృందాన్ని రోజూ పెద్దదాంట్లోనే పెడితే, రెక్కీ చేసినవాడు చిన్నదాంట్లోకి వెళ్తాడు, నష్టం 3. వరుస తప్పకుండా ఒకరోజు ఇక్కడ, మర్నాడు అక్కడ పెడితే, పెద్దది ఖాళీగా ఉన్న రోజు చూసుకుని వస్తాడు, నష్టం 9. సరే, రోజూ నాణెం ఎగరేసి సగం సగం పంచుదాం. అప్పుడూ పెద్దదాన్నే ఎంచుకుంటాడు. అది సగం సార్లు ఖాళీ కాబట్టి సగటు నష్టం 4.5. ఎప్పుడూ ఒకేచోట కూర్చోవడం కంటే ఇది అధ్వానం! పాచిక వేస్తే చాలదు, ఏ వైపు ఎంత బరువుండాలో తెలిసి వెయ్యాలి. నాలుగింట మూడు వంతుల సార్లు పెద్దదాంట్లో, ఒక వంతు చిన్నదాంట్లో ఉండేలా చీటీ తీద్దాం. ఇప్పుడు పెద్దదానికి వెళ్తే అతనికి దొరికేది 9లో నాలుగో వంతు, అంటే 2.25. చిన్నదానికి వెళ్తే 3లో నాలుగింట మూడు వంతులు, అదీ 2.25. ఎటు వెళ్లినా ఒకటే. ఈ పాళ్లు గోడ మీద రాసిపెట్టినా అతనికి ఒరిగేది లేదు, ఎందుకంటే ఇవాళ చీటీ ఎటు పడిందో అతనికి తెలియదు.

ప్రాధాన్యం అన్న మాటకు నాకు తెలిసినంతలో ఇంతకంటే నిజాయితీ అయిన అర్థం ఎక్కడా లేదు. పెద్దదానికి ఎక్కువ కాపలా దక్కింది, చిన్నదాన్ని మాత్రం ఎవరూ గాలికి వదల్లేదు.

రెండు టెర్మినళ్లకు కాగితం చాలు. నిజంలో అవతల ఉన్నది ఒక్క రకం శత్రువు కాదు. కట్టుదిట్టంగా ప్రణాళిక వేసే ముఠా ఒకటి, కోపంతో తుపాకీ పట్టుకొచ్చే ఒంటరి మనిషి ఒకడు. ఒక్కొక్కరు ఒక్కో చోటుకు ఒక్కో విలువ కడతారు. అన్ని రకాల శత్రువుల అన్ని ఎత్తులనూ కలిపి ఒకే పట్టికగా రాయబోతే అది కంప్యూటర్లు కూడా మొయ్యలేనంత పెరిగిపోతుంది. ప్రవీణ్, తాంబేలతో పాటు ఫెర్నాండో ఒర్డోన్యెజ్, ఇజ్రాయెల్ శాస్త్రవేత్త సరిత్ క్రౌస్ తదితరులు తెచ్చిన డాబ్స్ అనే పద్ధతి ఆ ముడి విప్పింది. ఒక్కో రకం శత్రువు లెక్కను దేనికదిగా ఉంచుతూనే పోలీసు ఎత్తును మాత్రం అందరికీ ఉమ్మడిగా తేలుస్తుంది. దాని మీద కట్టిన సాఫ్ట్‌వేర్‌కు ఆర్మర్ అని పేరు పెట్టారు. 2007 ఆగస్టులో అది లాస్ ఏంజెలెస్‌లో పని మొదలుపెట్టింది. ఆరునెలల ప్రయోగం తర్వాత పోలీసులు దాన్ని సొంతం చేసుకున్నారు. ఏ టెర్మినల్లో ఏ వేళ ఎంతమంది ఉంటారు, ఎక్కడ నష్టం ఎక్కువ అన్నది పోలీసులు ఇస్తారు. ఎంత శాతం, ఏ గంటకు ఎక్కడ అన్నది యంత్రం ఇస్తుంది. అత్యవసరమైతే అధికారి మార్చుకోవచ్చు.

అదే విమానాశ్రయం మీద 2004లో ర్యాండ్ సంస్థ చేసిన అధ్యయనం ఇంకో దారి చూపింది, దాన్నీ మరవకూడదు. సామాన్లలో తెచ్చే బాంబుతో ప్రాణనష్టాన్ని తగ్గించాలంటే చెక్-ఇన్ దగ్గర కొద్దిమంది సిబ్బందిని పెంచి క్యూలు కుదించండి అంది. జనం గుమిగూడకపోతే శత్రువుకు ఆ చోటు విలువే తగ్గిపోతుంది. తుపాకీతో గానీ కెమెరాతో గానీ పని లేకుండా కౌంటర్లు పెంచి చేసే భద్రత అది. మన గుళ్లలో, రైల్వే స్టేషన్లలో క్యూలైన్లు నడిపేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు.

లాస్ ఏంజెలెస్ తర్వాత అడుగులు వేగంగా పడ్డాయి. 2009లో అమెరికా ఫెడరల్ ఎయిర్ మార్షల్స్ ఇలాంటి సాధనాన్నే వాడుకలోకి తెచ్చారు. మామూలు ప్రయాణికుల్లా కూర్చునే ఆ సాయుధులను ఏ విమానాల్లో ఎక్కించాలన్నది ప్రశ్న. వంద విమానాల్లోంచి పదింటిని ఎంచుకోవడానికే 17 లక్షల కోట్లకు పైగా మార్గాలున్నాయి. అన్నీ రాసుకోవడం అసాధ్యం గనుక, ఒక్కో విమానానికి ఎంత శాతం కాపలా దక్కాలో ముందు తేల్చి, దాన్నుంచి డ్యూటీలు అల్లే ఉపాయం కనిపెట్టారు. 2011లో బోస్టన్ రేవులో కోస్ట్ గార్డ్ పడవలకు ఈ లెక్క వెళ్లింది. శత్రువు అన్నివేళలా సరైన లెక్కే వేసుకుంటాడన్న ఊహను అక్కడ సడలించారు. మనిషి తప్పులు చేస్తాడు, తన దృష్టిలో మంచిదనిపించిన దానివైపు ఎక్కువగా, తక్కువనిపించిన దానివైపు తక్కువగా మొగ్గుతాడు. ఆ స్వభావాన్నే గణితంలో కూర్చారు. మనిషి వ్యవహరించే తీరును గమనించి దిద్దుకున్న గణితం మీదే నాకు నమ్మకం ఎక్కువ.

దీన్ని మంత్రదండం అనుకుంటే మాత్రం ప్రమాదం. 9, 3 అన్న అంకెలు ఎవరో మనిషి ఇచ్చినవే. ఆ మనిషి తన శాఖ పలుకుబడి కోసమో, నిధుల కోసమో వాటిని పెంచితే మళ్లీ పాప్‌కార్న్ జాబితా దగ్గరికే వస్తాం. 2010లో అమెరికా జాతీయ పరిశోధన మండలి అంతర్గత భద్రతా శాఖ లెక్కలన్నీ పరిశీలించి, ప్రకృతి విపత్తుల అంచనాలు తప్ప మిగిలినవి నిర్ణయాలకు ఆధారం కాగల స్థితిలో లేవని నిష్కర్షగా చెప్పింది. దాడి జరగకపోవడం వ్యూహం గొప్పదనానికి రుజువు కూడా కాదు, అసలు ఎవరూ ప్రయత్నించలేదేమో. అందుకే బోస్టన్‌లో శత్రువు కళ్లతో చూసే ఒక బృందాన్ని పెట్టి, పాత గస్తీ, కొత్త గస్తీలలో ఏది దాటడం కష్టమో అడిగి తెలుసుకున్నారు. ఇక ఊహకే రాని దాడికి ఏ పట్టికలోనూ అంకె ఉండదు. ఆ పట్టికలో కొత్త గడులు చేర్చుతూ ఉండటం మనిషి పనే.

ఆర్మర్ మొదలైన ఆ 2007 ఆగస్టులోనే, 25వ తేదీ సాయంత్రం, హైదరాబాద్‌లో లుంబినీ పార్కు లేజర్ షోలోనూ, కోఠీ గోకుల్ చాట్‌లోనూ బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్లీ పేలుళ్లు. ఇన్ని లక్షలమంది తిరిగే నగరంలో ప్రతి చాట్ బండి దగ్గరా పోలీసును నిలబెట్టలేం, అది ఎవరి తప్పూ కాదు. పోలీసు ఎక్కడ ఉంటాడో ముందే తెలిసిపోకుండా చెయ్యడం మాత్రం మన చేతిలో పనే.

పరుచూరి ప్రవీణ్ ఇప్పుడు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పాఠాలు చెబుతున్నారు. ఈ విద్య కోసం మనం ఎవరి దేశానికీ వెళ్లనక్కర్లేదు, గచ్చిబౌలి దాకా వెళితే చాలు. ఖైరతాబాద్ గణేశుడి నిమజ్జనానికి, మేడారం జాతరకు, తిరుమల బ్రహ్మోత్సవాలకు బందోబస్తు పథకం వేసే రెండు రాష్ట్రాల అధికారులకు నా విన్నపం ఒకటే. డ్యూటీ చార్టు మీద సంతకం పెట్టేముందు, నిరుటి బందోబస్తును దగ్గరుండి చూసినవాడికి ఈ ఏటి చార్టు ముందే తెలిసిపోతుందా అని అడగండి. తెలిసిపోతుందంటే ఆ చార్టు మార్చి రాయించండి.